గొయ్యి పక్క సెలూన్

ఐదంతస్తుల మేడను ఒక ఆడమనిషి గడ్డం గీసే కత్తితో కోసి పారేసింది. ఇది చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. కోసి పారేసింది అంటే మరీ మేడంతా అని కాదు. పై అంతస్తులు అప్పటికి కాగితం మీదే ఉన్నాయి, వాటి జోలికి కత్తి వెళ్ళలేదు. తెగింది నేల కింది అంతస్తు ఒక్కటే, అదీ కట్టడానికి అనుమతి లేని అంతస్తు. అయినా అంతస్తు అంతస్తే కదా. మామూలు మనుషులు గడ్డం గీసే కత్తితో గడ్డమే గీస్తారు.

ఆ కత్తి పట్టినావిడను వీధివీధంతా కత్తెరక్క అంటుంది. తనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఆమె సెలూన్ సైకిల్ రిపేరు షాపుకీ ఒక ఖాళీ స్థలానికీ మధ్య ఉంటుంది. లోపల రెండు కుర్చీలు, ఒక బల్ల, ఖాళీ స్థలం వైపు గోడకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే పొడవాటి అద్దం. సెలూన్ వెనక వాళ్ళ నాన్న గది, దాని వెనక వంటిల్లు. అద్దం ఉన్న గోడే వెనక్కి సాగి ఆయన గదికీ గోడ అవుతుంది. ఆ ఇల్లంతా ఆ ఒక్క గోడ భుజం మీద ఉందనుకోండి.

షాపు పెట్టింది నాన్నే. కొడుకులిద్దరూ కత్తి పట్టబోమన్నారు, కూతురు వదలనంది. మొదట్లో మగవాళ్ళు గడప దాకా వచ్చి, కుర్చీ వెనక ఆడపిల్లను చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేవాళ్ళు. ఆడమనిషి చేతికి మెడ ఎలా ఇస్తామని ఒకాయన అడిగితే, "పెళ్ళి నాడే ఇచ్చేశావు కదరా, ఇక్కడైతే నొప్పి ఉండదు" అన్నాడట పెద్దాయన, వాళ్ళ నాన్న. ఆ ఒకాయన కూర్చున్నాడు. నొప్పి లేదని బయటికి వెళ్ళి చెప్పాడు. ఆ తర్వాత బల్ల ఖాళీగా ఉన్న రోజు లేదు.

మొండితనం మాత్రం ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. కాన్వెంటులో చదివే రోజుల్లో, చేయని తప్పు ఒప్పుకునే దాకా కదలొద్దని సిస్టర్ ఆమెను గది మూలన నిలబెట్టింది. చివరి గంట కొట్టారు, పిల్లలంతా వెళ్ళిపోయారు, ఊడ్చేవాళ్ళు వచ్చి ఆమె కాళ్ళ చుట్టూ ఊడ్చి వెళ్ళారు. ఆఖరికి ఆకలికి తట్టుకోలేక ఆ తప్పు తనే చేశానని సిస్టర్ ఒప్పుకుని ఇంటికి పంపించిందని చెబుతారు. ఇందులో ఎంత నిజమో సిస్టర్‌నే అడగాలి.

ఆమె చేతికి వచ్చిన మొహాలన్నిటిలోకీ పేరున్న మొహం మీసాలాయనది. ఆయన బిల్డరు. ఆ మీసం బుగ్గల మీద కాసేపు విశ్రాంతి తీసుకుని, కొసల దగ్గర పైకి లేచి, కళ్ళతో ఏదో గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది. ఆయన కుర్రతనంలో దాన్ని అలా మలిచింది పెద్దాయన. పెద్దాయన చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ బాధ్యత కూతురికి వచ్చింది. ఆమెను పొట్టిగౌను రోజుల నుంచి ఎరిగినవాడు కాబట్టి అతను "అమ్మాయ్" అనేవాడు, ఆమె "బాబాయ్" అనేది.

అక్కడి సెలూన్లన్నిటికీ ఒక కట్టుబాటు ఉంది. ఒకప్పుడు గిరాకీ కోసం ఒకరి కుర్చీలోంచి ఇంకొకరు మనుషుల్ని లాక్కుని కొట్టుకున్నారట. పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి రాజీ చేశాడు. ఒక కుర్చీలో మొదలైన మొహం ఆ కుర్చీలోనే పూర్తి కావాలి. మొదలుపెట్టినవాళ్ళు సగంలో వదిలి వెళ్ళకూడదు, పక్కషాపు వాడు ఆ మొహం మీద కత్తి ఎత్తకూడదు. సగం గీసిన గడ్డంతో ఎవరైనా వస్తే మంచినీళ్ళిచ్చి, పేపరిచ్చి, క్షేమసమాచారాలు అడుగుతారు. కత్తి మాత్రం డ్రాయరు దాటి రాదు.

పక్క ఖాళీ స్థలం కొన్నది మీసాలాయనే. ఆ కబురు తెచ్చిన రోజు కుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని, "ఇక మనం పక్కపక్క వాళ్ళం అమ్మాయ్. పైన అన్ని కాపురాలు దిగితే అన్ని గడ్డాలూ నీవే" అన్నాడు. కత్తెరక్క సంతోషించింది. కొసలకు ఇంకొంచెం మైనం ఎక్కువే రాసింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పక్కవాడు ఇల్లు కడుతుంటే చూడు అని మాత్రం ఎందుకో అనలేదు. వాళ్ళకు మంచి పక్కవాళ్ళు దొరికి ఉంటారు.

స్థలం చుట్టూ రేకులు లేచాయి. రేకుల వెనక మట్టి తవ్వే మెషిన్ దిగింది. రోజంతా నేల గుర్రు పెడుతుంటే కుర్చీలో కూర్చున్నవాళ్ళ బుగ్గలు వాటంతటవే అదిరేవి. ఒక మధ్యాహ్నం ఎవరికో జుట్టు కత్తిరిస్తూ కత్తెరక్క తలెత్తి చూస్తే, అద్దం పైన గోడ మీద ఒక వెంట్రుక అంటుకుని కనిపించింది. పొడవాటి నల్లటి వెంట్రుక. స్టూలెక్కి తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. గోటితో లాగింది, రాలేదు. వేలు పెట్టి చూస్తే వేలికి చల్లగాలి తగిలింది.

ఆ గీత కప్పు మూల నుంచి దిగి, అద్దం వెనక దాక్కుని, అద్దం కింద మళ్ళీ బయటపడింది. నాన్న గదిలోకి పరుగెత్తితే మంచం తలవైపు ఇంకొకటి. కత్తెర చేత్తో పట్టుకునే బయటికి వచ్చి, రేకుల సందులోంచి తొంగి చూసింది. గొయ్యి నిలువునా దిగి ఉంది. ఇటువైపు గోడ జారకుండా ఆపే ఒక్క కర్ర గానీ ఇనుప పోటు గానీ లేదు. సెలూన్ కింది పునాది రాళ్ళు చిగుళ్ళు జారిపోయిన పళ్ళలా బయటికి వేలాడుతున్నాయి. వాటి కిందికి కూడా తవ్వారు.

మేస్త్రీ అక్కడే ఉన్నాడు. ఆమెను చూడగానే వాన వస్తుందేమోనని ఆకాశం పరిశీలించడం మొదలుపెట్టాడు. మీసాలాయన మాత్రం చేతులు ఊపుకుంటూ వచ్చాడు.

"పాత ఇల్లు అమ్మాయ్. మనిషికి ముడతలొచ్చినట్టే గోడకి బీటలొస్తాయి."

"పొద్దున లేని ముడత మధ్యాహ్నానికి వచ్చిందా బాబాయ్?"

"కొందరికి తొందరగా వస్తాయి."

"మా పునాది కంటే లోతు తవ్వితే రాక ఏం చేస్తాయి? అంత లోతు దేనికి?"

"కార్లు. ఈ రోజుల్లో కారు పెట్టుకోవడానికి చోటు లేదంటే ఇల్లు కొనేవాడేడీ?"

"మీ కార్లు పెట్టుకోవడానికి మా నాన్న మంచం కింద నేల కావాలా?"

మీసాలాయన నవ్వాడు. "అయిపోయాక నీ గోడకి నేనే సున్నం కొట్టిస్తాలే" అని మీసం కొస దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

కత్తెరక్క మర్నాడు షాపు మూసి పురపాలక ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఇళ్ళ కట్టడాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. బక్కపలచటి మనిషి, దుమ్ము గిట్టదు. దుమ్ము గిట్టనివాడికి దుమ్ములో ఉద్యోగం రాసిపెట్టాడు దేవుడు. స్కూటరు మీద వచ్చి, గొయ్యి చూసి, గోడ చూసి, తుమ్మి, మంజూరైన ప్లాను విప్పి, మళ్ళీ తుమ్మాడు.

"ప్లానులో నేల కింద అంతస్తే లేదమ్మా. పక్కవాళ్ళ పునాది దగ్గర తవ్వాలంటే ముందు మీకు చెప్పాలి, మీ గోడ ఫోటోలు తీయాలి, పోట్లు పెట్టాలి. కొంచెం తవ్వి, అక్కడ గట్టిచేసి, ఆ తర్వాతే పక్క ముక్క తవ్వాలి. ఈయన కేకు కోసినట్టు ఒకేసారి కోసేశాడు."

పని ఆపమని నోటీసు రాసి రేకు మీద అతికించి వెళ్ళాడు. సాయంత్రానికల్లా దాని మీద పెద్ద బోర్డు లేచింది. మీసాలాయన చేతులు కట్టుకుని నవ్వుతున్న బొమ్మ, పక్కన రాబోయే మేడ. నోటీసు సరిగ్గా మీసం ఎడమ కొస వెనక దాగిపోయింది.

తవ్వకం ఆగలేదు. వీధి మొదట్లో స్కూటరు చప్పుడు వినబడగానే ఎవరో ఈల వేసేవారు. మెషిన్ నిద్రపోయేది. పనివాళ్ళు పుట్టినప్పటి నుంచీ అలాగే కూర్చున్నట్టు గట్టు మీద కూర్చునేవారు. ఇన్‌స్పెక్టరు అటు తిరగగానే మళ్ళీ గుర్రు మొదలయ్యేది.

"నేనుండగా జరిగితే పట్టుకోగలను" అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. "కోర్టు దాకా తీసుకెళ్తాను, కానీ దానికి టైము పడుతుంది. బీట పాతదేనని ఆయన వాదిస్తాడు. తవ్వుతున్నప్పుడే పెరుగుతోందని మనం చూపించాలి. బీటకి అడ్డంగా ఒక గాజుముక్క అతికించండి. గోడ కదిలితే గాజు సాగదు, పగులుతుంది."

సెలూన్‌లో గాజుకు కరువా? కత్తెరక్క కిందపడి పగిలిన చేతి అద్దంలోంచి ఒక పలక ఏరి తెచ్చింది. ఎవరూ లేనప్పుడు అతికిస్తే దువ్వెన కాడతో తనే పగలగొట్టుకుందంటారని మీసాలాయననే పిలిపించింది. మేస్త్రీ వచ్చాడు, సైకిల్ షాపాయన వచ్చాడు, బల్ల మీది గిరాకీ అంతా లేచి నిలబడింది. పెద్ద అద్దానికి ఒక జానెడు పైన, అందరి ముందు, ఇన్‌స్పెక్టరే సిమెంటుతో గాజుముక్కను బీట మీద అతికించాడు.

అంతమంది చూస్తుంటే మీసాలాయనకు పౌరుషం పొంగింది. మీసం మీద చెయ్యి వేసి, "ఈ ముక్క పగిలితే సగం మీసం తీయించుకుని వీధిలో తిరుగుతా. అందరూ వినండి" అన్నాడు.

"విన్నాం తమ్ముడూ" అన్నాడు లోపలి నుంచి పెద్దాయన. "నా చెవులు బాగానే ఉన్నాయి."

ఇక ఇంట్లో గొడవ. కత్తెరక్క మొగుడు ఊళ్ళ మధ్య బస్సు నడుపుతాడు. బస్సు ఎక్కితే పులి, ఇంటికొస్తే పిల్లి. బీట చూసిన దగ్గర నుంచి ఆయన అన్నం కూడా గుమ్మంలోనే కూర్చుని తింటున్నాడు.

"ఎందుకొచ్చిన గొడవే. మా చెల్లెలి ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. మామయ్యని కూడా తీసుకుపోదాం. ఆ మీసాలాయన మేడ కట్టుకున్నాక వద్దాం."

"వచ్చేదెక్కడికి? ఖాళీ ఇల్లు కూలితే పాత ఇల్లు కూలిందంటారు, రెండు రోజులు చెప్పుకుని మరిచిపోతారు. మనుషులున్న ఇల్లు కూలితే ఏమంటారో బాబాయ్‌కి తెలుసు. మనం లోపల ఉన్నాం కాబట్టే అది ఇంకా నిలబడి ఉంది."

"ఆయనకి తెలుసు సరే, గోడకి తెలుసా?"

మొగుడి మాటల్లో భయం ఉన్నా, భయంలో న్యాయం కూడా ఉంది. ఆ రోజే నాన్న మంచం ఎదుటి గోడ వైపు లాగించింది. నాన్నను ఆడపడుచు ఇంటికి వెళ్ళమని బతిమాలింది కూడా.

"నేను పోను" అన్నాడు పెద్దాయన. "నేనుండగా గోడ పడితే నాకు నష్టం. నన్ను తరిమేశాక పడితే గోడకే అవమానం."

"నాన్నా, ఇది వేళాకోళం కాదు."

"నేనూ వేళాకోళం ఆడట్లేదు. ఈ గోడ పెట్టేటప్పుడు మీ అమ్మ ఇటుకలు మోసింది. ఆ మీసాలవాడి కార్ల కోసం దాన్ని వదిలేసి పోతే రేపు పైకి వెళ్ళాక మీ అమ్మకి ఏం చెప్పను?"

కాబట్టి ఇద్దరు మొండివాళ్ళు లోపలే ఉన్నారు, గుమ్మంలో ఒక భయస్తుడు. మెషిన్ ఇంటివైపు ఎప్పుడు జరిగినా కత్తెరక్క చేతిలో ఉన్న తలను పూర్తిచేసి, మెడలో తువ్వాలుతో వెళ్ళి గట్టు మీద నిలబడేది. మెషిన్ వైపే చూసేది. మెషిన్ నడిపేవాడు కాసేపు చూసి, ఆపి, కిందికి దిగి టీ తాగడానికి పోయేవాడు. "అక్క నిలబడితే నా కాలు పెడల్ మీద పడదండీ. మా ఆవిడ కూడా అలాగే చూస్తుంది" అని మీసాలాయనకు మొరపెట్టుకున్నాడట. అలా పెద్దాయన గది పక్క ముక్క మాత్రం తెగకుండా మిగిలిపోయింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు నోటీసుల్ని భరించిన మీసాలాయనకు ఈ తువ్వాలు మాత్రం కంట్లో నలుసైంది.

ఆమెను గట్టు మీదికి రాకుండా చేయాలంటే ఏం చేయాలి? మీసాలాయన ఆలోచించాడు. ఆలోచించి, ఒక సెలవు రోజు పొద్దున్నే వచ్చి ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు.

సెలవు రోజంటే సెలూన్‌కు పండగ. బల్ల నిండిపోయి, గోడవార నిలబడి కొందరు, గుమ్మంలో కొందరు. మీసాలాయన లోపలికి రాగానే పెద్దాయన తన మూల కుర్చీలోంచి కళ్ళజోడు పైకి తోశాడు.

"ఏం తమ్ముడూ, దారి తప్పావా?"

"వ్యాజ్యం వేరు, మీసం వేరు అన్నా. మధ్యాహ్నం ఫ్లాట్లు కొనేవాళ్ళు వస్తున్నారు, ఫోటోలాయన వస్తున్నాడు. ఈ మీసం ఇంకొకడి చేతికి ఇవ్వలేను."

అది నిజమే. ఇవ్వలేడు. ఆ మొహం పుట్టింది ఈ కుర్చీలోనే. కుర్చీలో కూర్చున్నవాడు ఎవడైనా గిరాకీయే అన్నది కూడా పెద్దాయన మాటే. కత్తెరక్క తువ్వాలు కప్పింది, కుర్చీ వెనక్కి వాల్చింది, గడ్డానికి నురగ పట్టించింది. కత్తి తోలు మీద రెండుసార్లు నూరి, కుడి బుగ్గ మీద పెట్టింది.

అప్పుడు నేల గుర్రుమంది.

ఆమె చెయ్యి ఆగింది. గుర్రు దూరంగా లేదు. నాన్న గది పక్కనే ఉంది. మెషిన్ నడుపుతున్నది కూడా పాత మనిషి కాదని తర్వాత తెలిసింది, అక్క చూపు ఎరుగని కొత్తవాణ్ణి తెప్పించాడు.

"బాబాయ్, ఇవాళ సెలవు కదా."

"ఆఫీసుకి సెలవు అమ్మాయ్. మెషిన్‌కేం తెలుసు పాపం." కళ్ళు తెరవకుండానే అన్నాడు. నురగలోంచి మీసం కొసలు రెండూ చిన్నగా పైకి లేచాయి. "నువ్వు కానివ్వు. మొదలుపెట్టిన మొహం వదిలి పోకూడదు కదా. మీ నాన్న పెట్టిన రూలే."

ఇప్పుడు అర్థమైంది అందరికీ. ఆయన మీసం కోసం రాలేదు, ఆమెను కుర్చీకి కట్టేయడానికి వచ్చాడు. పూర్తిచేసి వెళ్దామంటే అప్పటికి అవతల గొయ్యి పూర్తవుతుంది. వదిలి వెళ్తే నాన్న మాట పోతుంది. వదిలేసి పో అని పెద్దాయన అనాలని కొందరు ఆయన వైపు చూశారు. పెద్దాయన కూతురి వైపు చూస్తున్నాడు. కత్తెరక్క మాత్రం కుడి బుగ్గ గీసింది. గడ్డం కింద గీసింది. నిదానంగా, ఒక్క గాటు లేకుండా. అద్దంలో మొహాలన్నీ అదురుతున్నాయి, ఆమె చెయ్యి ఒక్కటే అదరడం లేదు. ఆమె కళ్ళు మాత్రం అద్దానికి జానెడు పైన ఉన్నాయి.

టిక్కుమని చప్పుడైంది.

చీమ చిటికె వేసినంత చప్పుడు. అయినా అంత గుర్రులోనూ అందరూ విన్నారు. గాజుముక్క నిలువునా రెండైంది. ఒక ముక్క గోడనే పట్టుకుని ఉంది, రెండోది జారి సబ్బునీళ్ళ గిన్నెలో పడింది.

మీసాలాయన కళ్ళు తెరిచాడు. పైన ఆమె మొహం, ఆ పైన సగం గాజు.

"మాటంటే మాటే కదా బాబాయ్."

"అమ్మాయ్, ఏదో అందరిలో అన్నాను గానీ, నిజంగా..."

"అందరిలోనే అన్నారు. అందరూ ఇక్కడే ఉన్నారు. కదలకండి, తెగుతుంది."

ఆయన కదలలేదు. మెడ దగ్గర కత్తి ఉండగా వీరుడైనా కదలడు. ఒక్క గీత. ఇన్నేళ్ళ పెంపకం, ఎడమ సగం, కొస మైనంతో సహా తువ్వాలు మీద వాలింది. అది పడ్డాక కూడా కాసేపు వంపు తిరిగే ఉందని చూసినవాళ్ళు చెబుతారు.

కత్తెరక్క కత్తి తుడిచి మడిచింది.

"మొదలుపెట్టిన మొహం పూర్తిచేస్తాను. రూలు తప్పను. ఎంతలో పూర్తిచేయాలో మాత్రం ఆ రూల్లో లేదు."

"లేదు" అన్నాడు పెద్దాయన. "నేనే పెట్టాను. లేదు."

"మా గోడకి పోట్లు పడాలి. పునాది పక్క మట్టి మళ్ళీ నింపాలి. అది అయ్యాక వచ్చి కూర్చోండి బాబాయ్, కుర్చీ మీదే."

మీసాలాయన తువ్వాలుతోనే లేచి రేకుల వైపు పరుగెత్తాడు, మెషిన్ ఆపించడానికో, తొందరపెట్టడానికో ఆయనకే తెలియాలి. చెయ్యి ఎత్తి ఏదో అరిచాడు. కొత్త మెషిన్‌వాడు తిరిగి చూశాడు. వాడికి అక్క చూపు తెలియదు గానీ సగం మీసం ఏమిటో తెలుసు. నవ్వాపుకోలేక పడిపోతానేమోనని భయపడి తాళంచెవి తిప్పి మెషిన్ ఆపేశాడు. మేస్త్రీ ఆకాశం వైపు చూశాడు, కాకపోతే ఈసారి భుజాలు కదులుతున్నాయి.

మీసాలాయన అక్కడి నుంచి వీధి చివరి సెలూన్‌కు వెళ్ళాడు. ఆ షాపువాడు లేచి నిలబడి, మంచినీళ్ళిచ్చి, ఫ్యాను ఆయన వైపు తిప్పి, పిల్లలెలా ఉన్నారని అడిగాడు. ఆయన ఆ పై వీధికి వెళ్ళాడు. అక్కడ పేపరిచ్చారు. ఇంటికెళ్ళి మిగతా సగం తనే గీసుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు మీసం పెంచి ఎరుగరు. ఉంచుకుంటే నవ్వులపాలు, తీసేస్తే ఓటమి. పైగా మధ్యాహ్నం వచ్చేవాళ్ళు బోర్డు మీద చూసిన మీసాన్ని నమ్ముకుని వస్తున్నారు. మింగలేక కక్కలేక, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఆయన మళ్ళీ కత్తెరక్క కుర్చీ దగ్గరికే వచ్చి కూర్చున్నాడు.

అప్పటికి సైకిల్ షాపాయన ఇన్‌స్పెక్టరును ఇంటి దగ్గర నుంచి సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేశాడు. స్కూటరు చప్పుడు లేదు కాబట్టి ఈల వేసేవాడికి తెలియలేదు. గొయ్యిలో మనుషులు, పలుగులు, వేడి చల్లారని మెషిన్, గోడ మీద రెండైన గాజు. ఇన్‌స్పెక్టరు అన్నిటికీ ఫోటోలు తీశాడు. సగం మీసానికి కూడా తీశాడు గానీ, అది కేసుకు అవసరం లేదని తర్వాత తనే తీసేశాడంటారు. ఆ రోజు మాత్రం ఆయన తుమ్మలేదు.

"ఇక నోటీసు కాదండీ" అన్నాడు మీసాలాయనతో. "నా కళ్ళెదుట దొరికారు. ఈ స్థలానికి సీలు వేస్తున్నాను. లోపల జరగాల్సిన పని ఒక్కటే, పక్కింటి గోడని కాపాడటం. అది ఇప్పుడే, నా ముందే జరగాలి."

మీసాలాయన ఒకసారి అద్దంలో చూసుకున్నాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, నోరు సగమే తెరిచి, "మేస్త్రీ, కర్రలు దింపు" అన్నాడు.

"మొదటి రోజే చెప్పానండీ" అన్నాడు మేస్త్రీ, ఆకాశంతోనే.

కర్రలు దిగాయి, ఇనుప పోట్లు దిగాయి. గొయ్యి అడుగు నుంచి గోడ నడుము దాకా ఏటవాలుగా నిలబెట్టి, మేకులు దింపి బిగించారు. తవ్వి పోసిన మట్టే తట్టలతో మళ్ళీ పునాది పక్కకు చేరింది. సెలూన్‌లో ఎవరూ ఇంటికి పోలేదు. క్షవరం అయినవాళ్ళు కూడా బల్ల మీదే ఉన్నారు. ఆఖరి పోటు బిగిసినప్పుడు గోడ లోపల ఎక్కడో మూలిగింది, బరువు దింపుకున్న కూలివాడు మూలిగినట్టు. పెద్దాయన లేచి, గోడ పట్టుకుని నడిచి, వేలి మెటికతో రెండుసార్లు కొట్టి విన్నాడు.

"నిలబడుతుంది" అన్నాడు.

గుమ్మంలోని బస్సు డ్రైవరు మొట్టమొదటిసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

కత్తెరక్క కుర్చీ వెనక్కి వచ్చి కత్తి విప్పింది. "ఇప్పుడు చెప్పండి బాబాయ్. రెండో సగం తీయమంటారా, ఉంచమంటారా?"

మీసాలాయన అద్దంలో అటొకసారి ఇటొకసారి మొహం తిప్పి చూసుకున్నాడు. ఆయన జవాబు ఏమిటన్నది మాత్రం చెప్పినవాళ్ళను బట్టి మారుతుంది. తీయించుకున్నాడని కొందరు. నేను మాటిచ్చింది సగానికే, సగమే ఇస్తానని మొండికేశాడని కొందరు. మధ్యాహ్నం ఫోటోలాయన వచ్చి ఎడమవైపుకు పోకుండా కుడివైపు నుంచే తీశాడని, అందుకే కొత్త బోర్డు మీద మీసాలాయన పక్కకు తిరిగి దేన్నో వెతుకుతున్నట్టు ఉంటాడని సైకిల్ షాపాయన ఒట్టేసి చెబుతాడు.

ఆ తర్వాతిదంతా ఆఫీసు పని. నేల కింది అంతస్తు ప్లానులో లేదు కాబట్టి నేల కిందా లేకుండా పోయింది. గొయ్యిని ఆ లోతు మేర నింపించారు. పక్కింటి పునాదిని ముక్క ముక్కగా, ఒకటి గట్టిపడ్డాక ఇంకొకటిగా, మీసాలాయన చేతనే కట్టించారు. మేడ లేచింది, బాగానే ఉంది. కార్లు వీధిలో ఎండలో నిలబడతాయి. కాపురాలు దిగాయి, గడ్డాలు వచ్చాయి, ఆ మాట వరకు మీసాలాయన నిజమే చెప్పాడు.

మొన్న ఆ మేడలోకి కొత్తగా దిగినాయన సెలూన్‌కు వచ్చి కూర్చున్నాడు. అతను ఈ కథ ఎక్కడో విన్నాడు. అడిగేశాడు.

"అక్కా, ఆ సగం మీసం సంగతి నిజమేనా?"

కత్తెరక్క కత్తెర ఆపలేదు.

"ఎవరు చెప్పారు మీకు?"

"అందరూ అంటున్నారు."

"పనీపాటా లేనివాళ్ళు అల్లిన కథ. సెలవు రోజు నేను షాపే తెరవలేదు. బాబాయ్ మీసానికి ఏమైందో బాబాయ్‌నే అడగండి, ఎండకి చిరాకేసి తీయించుకుని ఉంటాడు. మాట మీద నిలబడలేని మనిషి కాదాయన, మంచివాడు. గోడ సంగతి ఆఫీసువాళ్ళు చూసుకున్నారు, అది వాళ్ళ పని. కుర్చీలో కూర్చున్నవాళ్ళ మీద కత్తి తిప్పే ఇల్లు కాదిది."

"మరి ఆ గొయ్యి..."

"ఏ గొయ్యి? మీరు నడిచి వచ్చింది దాని మీద నుంచేగా, ఎక్కడైనా కాలు దిగబడిందా?"

అతను లేదన్నాడు.

"గొయ్యీ లేదు, బీటా లేదు, మీసం సంగతి నాకు తెలియదు. తల వంచండి."